నొప్పి కొంచెమే తగ్గింది, నిద్ర మాత్రం తిరిగొచ్చింది: నడుం నొప్పికి పెయిన్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రాం రివ్యూ

ముందే సూటిగా చెప్పేస్తాను. ఏళ్ల తరబడి నడుం నొప్పితో ఉన్నవాళ్ల కోసం నడిపే పెయిన్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రాం ఒకటి ఈమధ్యే పూర్తి చేశాను. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. నొప్పి పూర్తిగా పోతుందనుకుని వెళ్తే నిరాశ పడతారు. నొప్పి వల్ల చేజారిపోయిన నిద్ర, పని, స్నేహాలు, ఇంట్లోవాళ్లతో ఓపిగ్గా మాట్లాడే గుణం, వీటిలో కొన్నైనా మళ్లీ చేతికి రావాలనుకుని వెళ్తే మాత్రం తప్పకుండా ఉపయోగం ఉంటుంది. నా అనుభవంలో ఇది రెండోదానికి పుట్టిన వైద్యం, మొదటిదాని కోసం వచ్చినవాళ్లే మధ్యలో మానేశారు.

ఇందులో ఆపరేషన్ ఉండదు, ఇంజెక్షన్ ఉండదు. ఒక డాక్టర్, ఒక ఫిజియో, ఒక సైకాలజిస్ట్ కలిసి ఒక గ్రూపుకి వారం వారం క్లాసులు నడుపుతారు, మధ్యమధ్యలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యంలో దీర్ఘకాలిక నొప్పి అంటారు. మా గ్రూపులో మాత్రం అందరివీ ఏళ్లనాటి నొప్పులే. బెల్టులు, బామ్‌లు, ట్రాక్షన్లు (బరువులతో నడుముని లాగిపట్టే వైద్యం), రకరకాల మాత్రలు అన్నీ అయిపోయి, ఇంకేం చేయాలో తోచక వచ్చినవాళ్లం.

నాకు అన్నిటికంటే నచ్చింది మొదటి రోజు అడిగిన ప్రశ్నలు. అప్పటిదాకా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా అడిగింది ఒకటే, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని. ఏడు అంటాం, రాసుకుంటారు, మందు మారుస్తారు. ఆ ఏడుతో రాత్రి ఎలా తెల్లారుతుందో, పొద్దున్నే ముఖం కడుక్కోవడానికి వంగాలంటే ఎంత భయమేస్తుందో, చిన్నపిల్లలు ఎత్తుకోమని చేతులు చాపితే మనం ఏదో పని ఉన్నట్టు పక్కకి ఎందుకు తప్పుకుంటామో ఆ అంకెలో ఎక్కడా ఉండదు. ఇక్కడ ఆస్వెస్ట్రీ అనే ప్రశ్నాపత్రం ఇచ్చారు, 1980 నుంచి వాడుకలో ఉన్నదట. పది భాగాలుంటాయి: నొప్పి తీవ్రత, సొంత పనులు చేసుకోవడం, బరువులెత్తడం, నడక, కూర్చోవడం, నిలబడటం, నిద్ర, దాంపత్య జీవితం, నలుగురితో కలవడం, ప్రయాణాలు. ఒక్కో భాగానికి 0 నుంచి 5 దాకా మార్కులు, మొత్తాన్ని శాతంలోకి మారుస్తారు, శాతం ఎంత ఎక్కువైతే ఇబ్బంది అంత ఎక్కువన్నమాట. ఆ కాగితం నింపుతుంటే, పోయినవేమిటో మొదటిసారి వరసగా కళ్లముందు కనిపించాయి. దాంపత్యం గురించిన ప్రశ్న దగ్గర చాలామంది పెన్ను ఆపేశారు. ఇష్టం లేకపోతే వదిలేయొచ్చని చెప్పారు, కానీ అడగడం మాత్రం మానలేదు. అది మంచి పనని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ విషయం మనంతట మనం ఎవరికీ చెప్పుకోం, ఆ మౌనం వల్ల ఇద్దరి మధ్యా పెరిగే దూరాన్ని మందులచీటీలో ఎవరూ రాయరు.

దానితో పాటే పీహెచ్‌క్యూ-9 అనే ఇంకో కాగితం. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు దిగులుగా ఉంది, పనుల మీద ఆసక్తి పోయిందా, నిద్ర, ఆకలి, అలసట, ఏకాగ్రత ఎలా ఉన్నాయి అని తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. తొమ్మిదోది బతకాలని లేదన్న ఆలోచనల గురించి. దాని సంగతి కింద మళ్లీ చెప్తాను, నా పెద్ద ఫిర్యాదు అక్కడే ఉంది.

మనసు గురించి అడగ్గానే మా గ్రూపులో ఒకావిడకి కోపమొచ్చింది. "అంటే మేడం, నొప్పి నా నడుంలో లేదు, నా మనసులోనే ఉందంటారా?" అని గట్టిగానే అడిగారు. ఆ ప్రశ్న అక్కడున్న అందరిదీ. నటిస్తున్నామని, పని ఎగ్గొట్టడానికి అంటున్నామని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ముఖం మీదే అన్నవాళ్లం కదా. సైకాలజిస్ట్ ఆవిడకి ఇచ్చిన జవాబు కోసమైనా ఈ ప్రోగ్రాంకి ఒక మార్కు ఎక్కువ వేయొచ్చు. మీ నొప్పి నూటికి నూరుపాళ్లు నిజం, అందులో అనుమానమే లేదు, అని మొదలుపెట్టి, నొప్పి అంటే శరీరానికి తెలిసే బాధ, మనసుకి తెలిసే బాధ రెండూ కలిసిన అనుభవమని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం తన నిర్వచనంలోనే రాసిందని చెప్పారు. ఆ సంఘం 2020లో నిర్వచనాన్ని సవరించినప్పుడు కూడా ఆ మాట తీసేయలేదు. అంటే కాలు విరిగిన నొప్పిలోనూ మనసు ఉంటుంది, పంటి నొప్పిలోనూ ఉంటుంది. నడుం నొప్పి మీద ప్రత్యేకంగా వేసిన నింద కాదది. ఆవిడ ఆ తర్వాత ఒక్క క్లాసు కూడా మానలేదు.

డాక్టర్ గారి క్లాసు కొంచెం పాఠంలా సాగింది గానీ ఒక్క విషయం మాత్రం చాలామంది భయం పోగొట్టింది. ఎమ్మారై రిపోర్టులో "డిస్క్ బల్జ్", "డీజెనరేషన్" అని చదివిన రోజు నుంచి మనం మన వెన్నెముకని పగిలిన గాజులా చూసుకుంటాం. నడుం నొప్పి అసలే లేనివాళ్ల స్కానింగులు చూసిన పరిశోధనలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి. బల్జ్, అంటే డిస్క్ బయటికి ఉబ్బడం, అయితే ఇరవైల్లో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం. అంటే రిపోర్టులో ఉన్న ప్రతి మాటా నొప్పికి కారణం కానక్కర్లేదు, చాలావరకు అవి వయసు గుర్తులు. నడుం నొప్పుల్లో దాదాపు 90 శాతానికి ఫలానా ఎముకో డిస్కో కారణమని వేలెత్తి చూపించలేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. ఇది విని కొందరు, మరయితే ఇన్నేళ్లూ మాకు భయం నేర్పిందెవరు అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

మరి నొప్పి ఎందుకు ఆగదంటే, నెలల తరబడి హెచ్చరికలు పంపీ పంపీ నరాల వ్యవస్థే సున్నితమైపోతుందట, దొంగల కోసం బండికి పెట్టిన అలారం గాలి వీచినా మోగినట్టు. నిద్రలేమి, భయం, టెన్షన్, ఒంటరితనం ఆ అలారాన్ని ఇంకా సున్నితం చేస్తాయి. నొప్పి మళ్లీ నిద్ర చెడగొడుతుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి కాబట్టి ఎక్కడ వీలైతే అక్కడ పట్టుకుని విడదీయాలి, నడుం దగ్గరే మొదలుపెట్టాలన్న రూలేమీ లేదు. ప్రోగ్రాం మొత్తం ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది.

ఫిజియో నేర్పిన వాటిలో వ్యాయామాల కంటే పనిని పంచుకునే పద్ధతే నాకు ఎక్కువ పనికొచ్చింది. నొప్పి కాస్త తగ్గిన రోజున మనమేం చేస్తామో ఈ రోగం ఉన్నవాళ్లందరికీ తెలుసు. పెండింగులో ఉన్న పనులన్నీ ఒక్కపూటలో చేసేస్తాం, ఇల్లంతా సర్దేస్తాం, మర్నాటి నుంచి నడుం పట్టేసి మంచం మీద. మంచం మీద ఉన్నన్ని రోజులూ మనకి మనమే పనికిరానివాళ్లమనిపిస్తాం. మళ్లీ కాస్త తగ్గుతుంది, మళ్లీ అదే వరస. ఇది ఒంటికే కాదు, మనసుకీ దెబ్బే, ఎందుకంటే రేపు ఎలా ఉంటుందో తెలియక ఎవరికీ ఏ మాటా ఇవ్వలేం, ఇచ్చి నిలబెట్టుకోలేకపోతే సిగ్గు, ఆ సిగ్గుతో మనుషుల్ని తప్పించుకోవడం. ఫిజియో సార్ చెప్పింది ఏమిటంటే, ఇబ్బంది లేకుండా ఎంతసేపు కూర్చోగలరో కొన్ని రోజులు చూసి రాసుకోండి, దానికంటే కొంచెం తక్కువతో మొదలుపెట్టండి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి లేవండి. బాగున్న రోజూ అంతే, బాగాలేని రోజూ అంతే, మెల్లగా పెంచుకుంటూ వెళ్లాలి. బాగున్న రోజున ఆపడమే కష్టం, చేయాల్సిన పని కళ్లముందు కనిపిస్తుంటే వదిలి లేవాలంటే ప్రాణం ఒప్పుకోదు. కానీ దీనివల్లే రేపటి గురించి కొంచెం ధైర్యంగా మాట్లాడగలిగే స్థితి వచ్చింది, నాకు ఇది మాత్రకంటే పెద్ద ఊరట.

వంగడం మీద భయం ఉన్నవాళ్లతో సార్ నెమ్మదిగా వంగించారు, ముందు కుర్చీలో కూర్చుని, తర్వాత నిలబడి, తర్వాత చేతిలో చిన్న బరువుతో. భయంతో కదలికలు మానుకోవడం వల్ల కండరాలు బలహీనపడి, దాంతో నొప్పి ఎక్కువై, దాంతో భయం ఇంకా పెరుగుతుందని వివరించారు. ఇక్కడ తొందరపెట్టలేదు, అది మెచ్చుకోవాలి.

ఇక సైకాలజిస్ట్ సెషన్లు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్నే వద్దంటారు. ఇక్కడ చేసేది ప్రధానంగా సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ పట్టుకుని చేసే చికిత్స. నొప్పి ఒక్కసారిగా ఎక్కువైనప్పుడు మనసులో మొదట వచ్చే మాట ఏమిటో రాయమన్నారు. "ఇక నా బతుకింతే", "రేపు లేవలేను", "ఉద్యోగం పోతుంది", "చివరికి అందరికీ భారమవుతాను". అందరి కాగితాల మీదా దాదాపు ఇవే. ఇలా అనుకోవద్దని ఎవరూ చెప్పలేదు, అది నాకు నచ్చింది. పోయినసారి ఇలాగే ఎక్కువైనప్పుడు ఏం జరిగింది, ఎన్ని రోజులకి తగ్గింది, అప్పుడు ఏం చేస్తే కాస్త నయమనిపించింది అని మన అనుభవంలోంచే సాక్ష్యం వెతికించారు.

ఇంకొకటి, "నొప్పి తగ్గాక" జాబితా. నొప్పి తగ్గాక చేద్దామని వాయిదా వేసిన పనులన్నీ రాయమన్నారు. రాస్తుంటే పేజీలు నిండాయి. స్నేహితుల్ని కలవడం, పాటలు పాడుకోవడం, పిల్లల స్కూల్ ఫంక్షన్‌కి వెళ్లడం, మొక్కలు పెంచుకోవడం, ఊరికే అలా బయటికి నడవడం. ఒకాయన అన్నది ఇంకా గుర్తుంది, "నొప్పి తీసుకున్నది కొంతే, మిగతాది నేనే తీసి దానికిచ్చాను" అని. వాటిలో ఒకటి ఎంచుకుని, నొప్పి తగ్గేదాకా ఆగకుండా, చిన్నగా కత్తిరించి ఈ వారమే చేయాలి. పూర్తి ఫంక్షన్‌కి కూర్చోలేకపోతే అరగంట వెళ్లండి, వెనక నిలబడండి, వచ్చేయండి. వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ నడుం నొప్పితో దిగులులోకి జారిపోయే దారి సరిగ్గా ఇదే, ఇష్టమైనవన్నీ ఒక్కొక్కటిగా మానేసి చివరికి రోజులో డ్యూటీ, నొప్పి, మంచం తప్ప ఏమీ మిగలకపోవడం. అందుకే ఈ చిన్న పని అంత బాగా పనిచేసింది.

ఇంట్లోవాళ్లని పిలిచిన సెషన్ ఒక్కటే ఉంది, కనీసం మూడైనా ఉండాల్సింది. చూడ్డానికి బాగానే ఉంటాం, కట్టు లేదు, కర్ర లేదు, జ్వరం లేదు, కాబట్టి ఒక్కో ఇంట్లో నమ్మరు. ఇంకో ఇంట్లో ప్రేమతో ఏ పనీ ముట్టుకోనివ్వరు, "నువ్వు లేవకు, నేను చూసుకుంటాను" అంటూ ఒక్కో పనీ చేతుల్లోంచి తీసేసుకుంటారు, కొన్నాళ్లకి మనం ఆ ఇంట్లో రోగి తప్ప మరేమీ కాకుండా పోతాం. రెండూ బాధించేవే, రెండో బాధ బయటికి చెప్పుకోలేం కూడా. ఆ రోజు నేర్పింది మాట్లాడే తీరు. మూలగడం, విసుక్కోవడం, మొహం ముడుచుకోవడం కాకుండా "ఈ బకెట్ నువ్వు ఎత్తు, మిగతాది నేను చేసుకుంటా" అని సూటిగా అడగడం. వాళ్లకి కూడా "ఎలా ఉంది నొప్పి" అని పొద్దస్తమానం అడగకుండా "ఈ రోజేం చేశావు" అని అడగమన్నారు. వచ్చిన భార్యలూ భర్తలూ కొందరు ఏడ్చేశారు, వాళ్లని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు మరి, వాళ్ల నిద్ర కూడా పోయింది, వాళ్ల కోపాన్ని కూడా మింగుకునే ఉన్నారు.

ధ్యానం, శ్వాస మీద దృష్టి పెట్టే క్లాసులు కూడా ఉన్నాయి. నాకు పెద్దగా పట్టలేదు గానీ గ్రూపులో కొందరికి అదే బాగా నచ్చింది. 2016లో అమెరికాలో 342 మంది మీద చేసిన ఒక ట్రయల్‌లో మైండ్‌ఫుల్‌నెస్ (ఇలాంటి ధ్యాన పద్ధతే), సీబీటీ రెండూ నడుం నొప్పి ఉన్నవాళ్లకి మామూలు వైద్యం కంటే మెరుగ్గా పనిచేశాయి, రెండింటి మధ్యా పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి ఏది కుదిరితే అది.

అయితే అంచనాలు ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పాలి. దీర్ఘకాలిక నొప్పికి మానసిక చికిత్సల మీద 2020లో కాక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధకుల సంస్థ తెచ్చిన సమీక్ష 75 పరిశోధనలు చూసింది. సీబీటీ వల్ల నొప్పి, పనిచేయలేకపోవడం, మనోవేదన మూడూ తగ్గుతాయి, కానీ సగటున కొద్దిగానే అని తేల్చింది. ఎవరైనా పూర్తిగా నయం చేస్తామంటే నమ్మకండి. అలాగే 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన, సీబీటీ లాంటి చికిత్సలకి అవునన్నాయి, నడుం బెల్టులకీ ట్రాక్షన్‌కీ ఓపియాయిడ్లనే నల్లమందు తరహా బలమైన నొప్పి మందులకీ మామూలుగా వద్దన్నాయి. 2020 నాటికే ప్రపంచంలో దాదాపు 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని అదే సంస్థ లెక్క, 2050కి 84.3 కోట్లకి చేరొచ్చట. ఇంతమందికి ఇలాంటి ప్రోగ్రాంలు ఎక్కడ దొరుకుతాయి, అదే అసలు దిగులు.

ఇక ఫిర్యాదులు. మొదటిది, అన్నిటికంటే పెద్దది, ఆ పీహెచ్‌క్యూ-9 కాగితం. మొదటి రోజు నింపించి ఫైల్లో పెట్టారు. దాని గురించి నాతో మాట్లాడింది ప్రోగ్రాం సగం దాటాక. బతకాలని లేదన్న ప్రశ్నకి ఎవరైనా అవునని గీత పెట్టి ఉంటే, ఆ మనిషి అన్ని వారాలూ ఆ ఫైల్లోనే ఉండిపోయినట్టే కదా. అడగడం ఎంత ముఖ్యమో, అదే రోజు చదవడం అంతకంటే ముఖ్యం. ఆ స్టార్ నేను కోసింది దీనికే. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే ప్రోగ్రాంలో సీటు కోసం ఎదురుచూడొద్దు, ఈ రోజే డాక్టర్‌కో హెల్ప్‌లైన్‌కో దగ్గరివాళ్లకో నోరు తెరిచి చెప్పండి. ఏళ్లనాటి నొప్పిలో అలా అనిపించడం వింత కాదు, చెప్పుకోవడం సిగ్గు కాదు, దానికి వైద్యం ఉంది.

రెండోది కుర్చీలు. నడుం నొప్పివాళ్లు వచ్చే చోట గట్టి ప్లాస్టిక్ కుర్చీలేసి గంటల తరబడి కూర్చోబెట్టడం ఏమిటో నాకర్థం కాలేదు. అందరం అడిగాక నిలబడటానికి, వెనక చాప మీద నడుం వాల్చడానికి ఒప్పుకున్నారు. మొదటి రోజు నుంచే చెప్పి ఉండాల్సింది. టైమింగులు కూడా ఉద్యోగాలు చేసేవాళ్లకి కుదరవు, సెలవు పెట్టాలంటే ఆఫీసులో మళ్లీ అదే అనుమానపు చూపు. సైకాలజిస్ట్ లేని రోజు వచ్చిన ఒకరు "పాజిటివ్‌గా ఆలోచించండి, అంతా తగ్గిపోతుంది" అని గంటసేపు చెప్పారు, ఆ గంటలో గ్రూపు ముఖాలన్నీ వాడిపోయాయి. చివరి క్లాసు అయ్యాక మళ్లీ ఫోన్ లేదు, పిలుపు లేదు.

నా వరకు వచ్చిన మార్పు చెప్తాను. నొప్పి అంకె కొంచెమే దిగింది. ఆస్వెస్ట్రీ శాతం అంతకంటే బాగా దిగింది, ముఖ్యంగా నిద్ర, నలుగురిలో కలవడం, ప్రయాణం దగ్గర. రాత్రి మెలకువ వచ్చినా "రేపు ఎలా" అన్న గుబులు లేకుండా మళ్లీ పడుకోగలుగుతున్నాను. ఇంట్లో చిరాకు తగ్గిందని నాకంటే ముందు ఇంట్లోవాళ్లే అన్నారు. నొప్పి ఎక్కువైన రోజులు ఇప్పటికీ వస్తాయి. అలాంటి రోజు ఏం చేయాలో రాసిపెట్టుకున్న కాగితం ఒకటి ఉంది: ఏ పనులు సగానికి తగ్గించాలి, ఏ కదలికలు మానకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని రోజులు చూసి డాక్టర్‌ని కలవాలి. ప్రోగ్రాంలో చేరకపోయినా ఇలాంటి కాగితం ఒకటి బాగున్న రోజున రాసి పెట్టుకోండి, నొప్పిలో ఉన్నప్పుడు ఆలోచన సాగదు.

అందరూ నేరుగా ఇలాంటిదానికి వెళ్లాలని మాత్రం అనను. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినట్టున్నా, కాలు రోజురోజుకీ బలం తగ్గుతున్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరంతో నడుం నొప్పి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్లకి కొత్తగా నొప్పి మొదలైనా డాక్టర్‌కి ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. అవి లేవని తేలాకే ఇది.

చేరేముందు మాత్రం కొన్ని అడగండి. ఫిజియో, సైకాలజిస్ట్ ఇద్దరూ నిజంగా ఉంటారా, లేక పేరుకేనా? గ్రూపులో ఎంతమంది? మనసు గురించి నింపించే కాగితాలు ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు? అయిపోయాక నొప్పి మళ్లీ ఎక్కువైతే ఎవరికి ఫోన్ చేయాలి? ఇంట్లోవాళ్లని ఎన్నిసార్లు రానిస్తారు? మొదటి రోజే తోడుగా ఎవరినైనా తీసుకెళ్లొచ్చా అని కూడా అడగండి, రానిస్తే తప్పకుండా తీసుకెళ్లండి.